చురకత్తికి చలి వెయ్యదా?

లోకంలో ఎక్కడైనా ముందు కథ పుడుతుంది, తర్వాత దానికి అట్ట వేస్తారు. మామయ్య ప్రెస్సులో మాత్రం ముందు అట్ట, ఆ తర్వాతే కథ. ఆలూ లేదు చూలూ లేదు, కొడుక్కి పేరు మాత్రం సిద్ధం అన్నట్టుండేది వ్యవహారం.

దానికో కారణముంది. రంగుల అట్టలు అచ్చువేసే పెద్ద మిషను వేరేవాళ్లది. వాళ్లకి బొమ్మ చాలా ముందుగా ఇవ్వాలి. అందుకని మామయ్య తన మనసుకి తోచిందేదో గీసి పంపేసేవాడు. అచ్చయి వచ్చిన అట్టల కట్టని మేనకోడలి బల్లమీద ధన్‌మని పడేసి, "ఇదుగో, దీనికో కథ చూడు" అనేవాడు. ఏ పేజీలో ఎవరు ఎవర్ని తంతారో ఆమె కాగితం మీద రాసిస్తే, లోపలి బొమ్మలు నలుపు తెలుపుల్లో గీసేవాడు. మాటల బుడగలు నింపడం మళ్లీ ఆమె పనే. ఆ బుడగల్ని చదివిన పాపాన మామయ్య ఏనాడూ పోలేదు.

నెలనెలా వచ్చే ఆ బొమ్మల కథల పత్రిక పేరు ఉక్కుపిడికిలి. కథానాయకుడి పేరూ అదే. కథానాయిక పేరు చురకత్తి.

మేనకోడలిని మాత్రం ఇంటిల్లిపాదీ గుసగుస అనేవారు. గొంతు అంత చిన్నది. కొట్టువాడు విరిగిన పెన్సిలు అంటగట్టినా నోరు మెదపకుండా తెచ్చుకునేది. కానీ ఆ నెల కథలో చురకత్తి ఒక రాక్షసుడి మెడమీద కాలేసి, "విరిగిన పెన్సిళ్లు అమ్ముతావా, నీచుడా" అని నిలదీసింది. రాక్షసుడికీ పెన్సిళ్లకీ సంబంధమేమిటని ఏ పాఠకుడూ అడగలేదు. చుట్టాలావిడ ఒకామె వచ్చి, "పిల్లకి ఒళ్లు లేదు, తిండి పెట్టట్లేదా" అని వెళ్లిన నెల, చురకత్తి ఒక మంత్రగత్తెతో "నా ఒళ్లు నేను చూసుకుంటాను, నీ చీపురు నువ్వు చూసుకో" అంది. గుసగుస మాటలు బయటికి వచ్చే దారి ఈ భూమ్మీద చురకత్తి నోరు ఒక్కటే.

మామయ్య చెయ్యి మంచిదే. గుర్రాన్ని గీస్తే గడ్డి వెయ్యాలనిపించేది. చురకత్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చేతికి ఏదో పట్టేది. నడుము గాజులో దూరేటంత. ముందుభాగం, వెనకభాగం రెండూ ఒకేసారి చూసేవాడి వైపే తిరిగి ఉండేవి. తడిబట్టని పిండితే తప్ప మనిషికి అలాంటి మెలిక పడదు. ఇక వేసుకున్నవాటి సంగతి చెప్పనే అక్కర్లేదు.

"ఆ పిల్ల ఒంటిమీదున్న గుడ్డంతా కలిపి కుట్టినా రుమాలుకి చాలదు" అనేది అత్తయ్య, పుస్తకాలకి పిన్నులు కొడుతూ.

"అది వేగం కోసమే. బట్టలెక్కువైతే గాలి ఆపేస్తుంది."

"మరి ఉక్కుపిడికిలికి దుప్పటంత అంగీ ఎందుకో. వాడికి వేగం అక్కర్లేదా?"

"వాడికి భుజాల నొప్పి" అనేవాడు మామయ్య, తల ఎత్తకుండా.

గొడవ మంచు అట్టతో మొదలైంది. ఆ అట్టమీద ఉక్కుపిడికిలి చెవులదాకా టోపీ, చేతులకి తొడుగులు, మోకాళ్లదాకా బూట్లతో మంచుకొండ ఎక్కుతుంటాడు. పక్కనే చురకత్తి ఎప్పటి బట్టలతోనే, ఎప్పటి మెలికతోనే ఉంటుంది. ఆ నెల గుసగుస నానా తంటాలు పడి, గుహలో చలి తగలనివ్వని తైలమొకటి దొరికిందనీ, ఉన్నది ఒకే సీసా కావడంతో ఉక్కుపిడికిలికి మిగల్లేదనీ కథ సర్దింది.

ఆ సంచిక అమ్మకానికి వచ్చిన పూట పెద్ద టీచరు కొట్టుకి వచ్చింది. ఊళ్లో సగంమందికి చదువు చెప్పి, ఇప్పుడు బడి మానేసి ఇంట్లో ఉంటున్న మనిషి. బడి మానేసిందిగాని ప్రశ్నలు మానలేదు. అట్టని కళ్లద్దాల్లోంచి చూసి, కళ్లద్దాల పైనుంచి చూసి, "ఈ అమ్మాయికి చలి వెయ్యదా?" అంది.

"తైలం రాసుకుందండి" అన్నాడు కొట్టువాడు.

"అయితే ఆ అబ్బాయికీ కాస్త రాయొచ్చుగా. వాడూ చొక్కా విప్పి ఎక్కుతాడు."

కొట్టువాడు ఆ పుస్తకాన్ని బోర్లించి పెట్టాడు.

ప్రశ్న కొట్టు దిగింది, వీధి దాటింది, పేపరెక్కింది. చురకత్తికి బట్టలివ్వాలని పెద్ద టీచరు వైపు కొందరు, బొమ్మల జోలికొస్తే ఊరుకోమని కాలేజీ కుర్రాళ్లు కొందరు చేరారు. కుర్రాళ్లు అభిమాన సంఘం కూడా పెట్టారు. ధైర్యవంతులకి చలి ఉండదని రుజువు చెయ్యడానికి ఒక పొద్దున చొక్కాలు విప్పి ఊరేగింపు తీశారు. నినాదాలతో మొదలైన ఊరేగింపు తుమ్ములతో ముగిసింది. అటునుంచి పెద్ద టీచరు బృందం ఊలుతో చురకత్తి కోసం నిజమైన స్వెట్టరొకటి అల్లుకొచ్చి ప్రెస్సు గుమ్మంలో పెట్టింది. తలా ఒక ముక్క అల్లడంతో దాని ఒక చెయ్యి మోచేతిదాకా, రెండోది మోకాలిదాకా వచ్చింది.

మామయ్య భయపడ్డాడు. "కర్ర విరగకూడదు, పాము చావాలి" అంటూ మిగిలిన అట్టలన్నిటిమీదా చురకత్తి మెడనుంచి పాదాలదాకా నీలం కాగితం అతికించమన్నాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని జిగురు పూశారు. జిగురు చవకరకం. గోటితో గీకితే కాగితం ఊడొస్తుందని పిల్లల్లో ఒకడు కనిపెట్టాడు. ఇక చూడండి, మామూలు అట్టని తల తిప్పి చూడనివాళ్లు కూడా ఊడదీసుకోవడానికని కొన్నారు. పెద్ద టీచరు అయితే నేరుగా ప్రెస్సుకే వచ్చి, "బట్టలు వెయ్యమంటే విప్పే ఆట కనిపెట్టావా నాయనా. నీకు లెక్కలు చెప్పింది నేనే. అప్పుడే అనుకున్నాను" అని వెళ్లిపోయింది.

ఆ మాట మామయ్యకి తగిలింది. రెండురోజులు తలుపేసుకుని మూడోనాడు కొత్త అట్ట గీసి పంపేశాడు. అచ్చయి వచ్చాక గుసగుస కట్ట విప్పి చూసింది. బొమ్మలో ఒక మట్టిదిబ్బ. దానిమీద నాలుగు పువ్వులు, చురకత్తి నడుముకి పెట్టుకునే బెల్టు. పక్కన మోకాళ్లమీద కూలబడి ఏడుస్తున్న ఉక్కుపిడికిలి. పైన పెద్ద అక్షరాలతో 'కన్నీటి సంచిక'.

"చంపేద్దాం. ఈ రొష్టంతా దానివల్లే. పీడా పోతుంది" అన్నాడు మామయ్య. "బాగా ఏడిపించేలా రాయి."

గుసగుస కలం పట్టుకుని కూర్చుంది. ఒక్క ముక్క రాలేదు. చురకత్తి పోతే కొట్టువాణ్ని ఎవరు అడుగుతారు? చుట్టాలావిడకి ఎవరు జవాబు చెబుతారు? ఎలాగైనా చెప్పేద్దామని లేచి మామయ్య బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఏంటే?"

"టీ... తెమ్మంటావా మామయ్యా?"

"తే."

కాసేపయ్యాక మళ్లీ వెళ్లింది. మళ్లీ టీ అయింది. సాయంత్రానికి మామయ్య కడుపు పట్టుకుని, "నేను దాన్ని చంపితే ఇది నన్ను టీతో చంపేలా ఉంది" అని అత్తయ్యతో అన్నాడు.

అత్తయ్య ఆ వంకర స్వెట్టరు వేసుకుని పిన్నులు కొడుతోంది. పొడుగుచెయ్యి మాటిమాటికీ మిషన్లో పడుతుంటే పైకి లాక్కుంటోంది. "ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది నీ తెలివి. బట్టలు బాగోకపోతే బట్టల్ని పారేస్తారుగాని, పిల్లని పారేస్తారా ఎవరైనా?"

మామయ్యకి ఆ మాట వినపడలేదు. గుసగుసకి వినపడింది. పరుగున వెళ్లి కలం అందుకుంది.

మర్నాడు టీ గ్లాసు కింద కథ కాగితం పెట్టి, గోడకి అతుక్కుని నిలబడింది. మామయ్య పైకే చదివాడు.

"మొదటి పేజీ. ఉక్కుపిడికిలి దిబ్బ దగ్గర ఏడుస్తాడు. బాగుంది. రెండో పేజీ. ఇంకా ఏడుస్తాడు. చాలా బాగుంది. మూడో పేజీ. వెనకనుంచి చురకత్తి వచ్చి భుజం తడుతుంది." గ్లాసు దించాడు. "చచ్చిన మనిషి భుజం తట్టడమేంటే?"

"చావలేదు మామయ్యా."

"ఏంటి? గట్టిగా చెప్పు."

"చావలేదు."

"మరి ఆ దిబ్బ కింద ఎవరు?"

"బట్టలు. ఆ పాతబట్టలు పాతిపెట్టారు."

"చంపమంటే బట్టలు పాతిపెట్టిస్తావా? అట్ట చూడు, అదేమన్నా బట్టల మూటలా ఉందా?"

గుసగుస అట్ట తీసి చూపించింది. "దిబ్బ చిన్నది మామయ్యా. అతని మోకాలంత కూడా లేదు. మనిషి పట్టదు."

మామయ్య అట్టని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. వేళ్లతో కొలిచాడు. "పడుతుంది. దాని నడుము సన్నం."

"నడుము పడుతుంది మామయ్యా. మిగతా మనిషి?"

అత్తయ్య మిషను ఆపి, పొడుగుచెయ్యి నోట్లో కుక్కుకుని నవ్వింది. మామయ్య ఆవిడవైపు చూడలేదు. అట్టలు అచ్చయిపోయాయి, దిబ్బని పెంచడానికి లేదు.

"సరే, బట్టలే అనుకుందాం. బట్టలకోసం వాడెందుకు అంతలా ఏడుస్తాడు?"

"అవి అతనే కుట్టాడు మామయ్యా. ఎంతో ఇష్టపడి కుట్టాడు."

ఆ ఏడుపు ఎవరిదో మామయ్యకి బాగానే తెలిసినట్టుంది. పెన్సిలు చెక్కుకుంటూ, "ఎలాంటి బట్టలు కావాలో చెప్పు దానికి" అన్నాడు.

"జేబులుండాలి" అంది గుసగుస వెంటనే.

చెప్పినంత తేలిక కాలేదు గీయడం. మెలిక లేకుండా నిలబెడదామంటే ఆ చేతికి అలవాటు లేదు. ఎంత నిటారుగా మొదలుపెట్టినా నడుము దగ్గరికొచ్చేసరికి జిలేబీ చుట్టుకునేది. ఆఖరికి అత్తయ్యని ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

"కదలకు. నీ నడుమెక్కడుంది?"

"ఉండాల్సిన చోటే ఉంది. నీకే ఎప్పుడూ కనపడలేదు."

అలా చురకత్తి అత్తయ్య నిలబడ్డట్టే నిలబడింది. రెండు కాళ్లూ నేలమీద, ఒక చెయ్యి జేబులో, ఒంటిమీద ఒక చెయ్యి పొట్టీ ఒక చెయ్యి పొడుగూ ఉన్న స్వెట్టరు.

కన్నీటి సంచిక వచ్చిన రోజు, కొట్టు ముందు వేలాడదీసిన అట్ట చూసి వీధి రెండుగా చీలింది. అభిమాన సంఘం నల్లగుడ్డలు కట్టుకుని ఒక పక్క చేరింది. కొందరికి అప్పటికింకా జలుబు తగ్గలేదు. రెండో పక్క పెద్ద టీచరు నిప్పులు కక్కుతోంది. "స్వెట్టరు వెయ్యమంటే గోతిలో వేస్తావా నాయనా?" గుసగుస ప్రెస్సు గుమ్మం వెనక దాక్కుని చూస్తోంది.

కొట్టువాడు పుస్తకాలు పంచాడు. అందరూ నిలబడ్డచోటే చదివారు. మొదటి పేజీలో ఉక్కుపిడికిలి, "నిన్ను ఎంత మురిపెంగా చూసుకున్నాను. ఎండలో ఆరేస్తే రంగుపోతుందని నీడలో ఆరేశాను" అని ఏడుస్తుంటే కుర్రాళ్లు కాస్త అయోమయంలో పడ్డారు. మూడో పేజీ తిప్పగానే అంతా ఒక్కసారి ఊపిరి పీల్చారు. అక్కడ చురకత్తి అతని భుజం తట్టి, "ఏడుపు అయిపోతే ఆ మట్టి గట్టిగా తొక్కు. కుక్కలు తవ్వితే మళ్లీ బయటికొస్తాయి" అంటోంది.

ముందు పెద్ద టీచరు నవ్వింది. స్వెట్టరు పొడుగుచెయ్యి మీద వేలుపెట్టి, "ఇది నేనల్లిన ముక్క" అని అందరికీ చూపించింది. కుర్రాళ్లేమో చురకత్తి జేబులో ఏముందని వాదులాటకి దిగారు. బాంబని ఒకడు, వేరుశనగలని ఇంకొకడు. నల్లగుడ్డల సంగతి అందరూ మరిచిపోయారు.

ఇక గండం గడిచిందని మామయ్య కుర్చీలో జారబడ్డాడో లేదో, మీసాలున్న పెద్దమనుషులు కొందరు ప్రెస్సులోకి వచ్చారు. అందరిలోకీ పెద్ద మీసమున్నాయన అట్టని బల్లమీద కొట్టాడు.

"ఉక్కుపిడికిలి ఏడవడమేంటండీ? మగవాళ్లనిలాగేనా చూపించేది? కనీసం కళ్లయినా తుడుచుకోడేం?"

మామయ్య అలవాటుకొద్దీ గుసగుసవైపు చూశాడు. ఆమె చేతిలో టీ పళ్లెం ఉంది. ఏదో అంది. ఎవరికీ వినపడలేదు.

"ఏంటమ్మా?" అన్నాడు మీసాలాయన.

గుసగుస పళ్లెం బల్లమీద పెట్టింది. రెండు కాళ్లూ నేలమీద సరిగ్గా ఆనించుకుంది.

"తుడుచుకోవడానికి గుడ్డేదండీ? ఉన్నది పాతిపెట్టేశాం. తవ్వి తీసినా రుమాలుకి చాలదు."

వీధిలోకి వినపడింది. అత్తయ్య మిషను ఆగిపోయింది. బయట ఎవరో కిసుక్కుమన్నారు. మీసాలాయన మీసం మెలెయ్యబోయి, చేతికి టీ గ్లాసు అందేసరికి ఆ పని మానుకున్నాడు. వేడి టీ ఊదుకుంటూ తాగి, తనవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లాడు.

"భలే అన్నావే" అన్నాడు మామయ్య. "రాసిపెట్టు. వచ్చే నెల చురకత్తి చేత అనిపిద్దాం."

"అది నేను అనేశాను కదా మామయ్యా" అంది మేనకోడలు, ఖాళీ గ్లాసు తీస్తూ. "దానికి వేరే రాస్తాను."