ప్రేమమ్మ సంతకం

రోజూ పొద్దున్న ఏడింటికి నీలోఫర్ వచ్చి ప్రేమమ్మకి జడ వేసి వెళ్తుంది. వీధి చివర టీకొట్టు నడిపే తాహిర్ వచ్చి ఆమె చెప్పుల బకిల్ పెడతాడు. అప్పుడు ప్రేమమ్మ ఆటో ఎక్కి, బందరులోని ప్రత్యేక అవసరాల పిల్లల బడికి వెళ్తుంది. అక్కడ ఇరవై ఆరేళ్లుగా ఆయా. వాళ్లిద్దరూ ఆ బడిలో పెరిగినవాళ్లే.

ఏ పిల్లకి ఏది నేర్పితే అది ప్రేమమ్మ చేతుల్లోంచి వెళ్లిపోతుంది. నీలోఫర్‌కి జడ అల్లడం వచ్చిన పూటే ఆవిడకి పోయింది. బకిల్ తాహిర్‌తో పోయింది. గుండీలు, గడియారం చూడటం, ఉప్మా చేయడం అన్నీ అలాగే వెళ్లాయి.

"అన్నం కలుపుకోవడం మాత్రం ఎవరికీ నేర్పకత్తా. తినిపించే ఓపిక నాకు లేదు," అంటాడు ఆటో బాజి.

ఈ ఏడు విభిన్న ప్రతిభావంతుల దినోత్సవానికి జిల్లాలో ఉత్తమ సిబ్బందిగా ప్రేమమ్మ పేరు వచ్చింది. ఆయాకి రావడం ఇదే మొదలు. స్టేజీ మీద పుస్తకంలో సంతకం చేసి అవార్డు తీసుకోవాలి.

సంతకమంటే ఆవిడకి ప్రాణం. దివిసీమలో కూలికెళ్లిన అమ్మానాన్నలది వేలిముద్ర. ముప్ఫయ్యో ఏట, ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ గారి దగ్గర కూర్చుని నేర్చుకుంది.

అవార్డుకి ముందురోజు మధ్యాహ్నం పెడన నుంచి కొండలరావు ఫోన్ చేశాడు. ఆయనది కలంకారీ అద్దకం షెడ్డు. బడిలో చదివే పద్దెనిమిదేళ్ల ఇఫ్రాని పనిలోకి తీసుకుంటానన్నాడు. బట్ట మీద అద్దే అచ్చు ఆ పిల్ల చేతిలో వెంట్రుకవాసి కూడా పక్కకి జరగదు. కానీ హాజరు పుస్తకంలో సంతకం పెట్టాలి.

"ఐదింటికి వస్తానండీ. పెడితే సరే, లేకపోతే ఇంకో అమ్మాయి ఉంది."

టీచరు కనకదుర్గ రెండేళ్లుగా సంతకం నేర్పుతోంది. ఇఫ్రా చేతిలో పెన్ను నిలవలేదు.

ప్రేమమ్మ లేచింది. కనకదుర్గ చెయ్యి పట్టుకుని ఆపింది.

"రేపొక్కరోజు ఆగు పిన్నీ."

"రేపటికి ఆ పని ఉండదు కదమ్మా."

"బడి నుంచి వెళ్లి అంతమందిలో వేలిముద్ర వేస్తావా? నవ్వరూ?"

ప్రేమమ్మకీ అదే భయం. జడ పోతే నవ్వుకుంది. ఉప్మా పోతే పీడా పోయిందనుకుంది. ఇదీ పోతే తనకంటూ ఏం మిగులుతుంది? గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల ఇఫ్రా ఒక గీత గీసి, కాగితం చించి, ఇంకో కాగితం తీసుకుంది.

ప్రేమమ్మ వెళ్లి వెనక కూర్చుంది. చేతి మీద చెయ్యి వేసింది.

"నొక్కకు తల్లీ. గుండ్రంగా తిప్పు. అచ్చు అద్దినట్టు, నెమ్మదిగా."

నాలుగున్నరకి ఇఫ్రా ఆవిడ చేతిని నెట్టేసింది. "నేనే," అంది. అక్షరాలు వంకరగా వచ్చాయి, కానీ వచ్చాయి. ప్రేమమ్మ పెన్ను తీసుకుంది. వేళ్లకి దాన్నెలా పట్టుకోవాలో తెలియలేదు.

ఐదింటికి కొండలరావు పుస్తకంలో ఇఫ్రా సంతకం పెట్టింది.

మర్నాడు హాలు నిండిపోయింది. బడి పిల్లలంతా ముందు వరుసల్లో కూర్చున్నారు. పేరు పిలవగానే ప్రేమమ్మ మెట్లెక్కింది. ఆఫీసరు పెన్ను అందించాడు.

"పెన్నొద్దండీ. ఇంకు ప్యాడ్ ఉందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. "బళ్లో పనిచేస్తూ వేలిముద్రేంటి?"

ప్రేమమ్మకి ఆ మాట వినిపించింది. అయినా బొటనవేలు గట్టిగా అద్దింది.

"వేలిముద్రకి సాక్షి సంతకం కావాలమ్మా," అన్నాడు ఆఫీసరు. మైకు వైపు వంగాడు. "ఈవిడ ఎవరో తెలిసినవాళ్లు ఉన్నారా?"

ఇఫ్రా అప్పటికే మెట్ల మీద ఉంది.

"నాకు తెలుసు. మా ఆయమ్మ," అంది. మైకులో హాలంతా వినిపించింది.

పెన్ను తీసుకుని వంగింది. సంతకానికి చాలాసేపు పట్టింది. ఆఖరి గీత పూర్తికాగానే వెనక వరుసల్లోంచి చప్పట్లు మొదలై స్టేజీ దాకా వచ్చాయి. కిసుక్కుమన్నాయన కూడా లేచి నిలబడ్డాడు. ఆఫీసరు ప్రేమమ్మ భుజాల మీద శాలువా కప్పి, పెన్ను కోసం చెయ్యి చాపాడు.

ఇఫ్రా ఇవ్వలేదు. పేజీ తిప్పింది.

"ఇంకెక్కడ పెట్టాలి సార్?"