పుంగనూరులో అయిపోయిన కచేరీ

ఆ ఏడాది టౌన్ హాలు మాటెత్తితేనే జయశీలకు ఒళ్లు మండేది. మదనపల్లె మిషన్ బడిలో ఆమె పాటలు నేర్పే టీచరు. యుద్ధం ముగిసింది కదా, జనానికి కాస్త పాట వినిపిద్దామని, శనివారం సాయంత్రాలు హాల్లో పల్లెపాటల కచేరీలు పెట్టిస్తానని హాలు కమిటీని ఒప్పించింది. హార్మోనియం ఉండదు, ఫిడేలుండదు. గొంతు, తాళాలు, మహా అయితే ఒక తంబుర. కమిటీ ప్రెసిడెంటు గోపాలస్వామి, బజారులో గుడ్డల అంగడి ఆయన, సరేనన్నాడు గానీ ఆ సరేలో ఉత్సాహమేమీ లేదు.

మొదటి శనివారం పెద్దపంజాణి నుంచి తత్వాలు పాడే సిద్దప్ప వచ్చాడు. ఆ పొద్దునే హాలు నిండా రేషను బియ్యం బస్తాలు దించేశారు. పాపం ఆయన తంబుర ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి వెళ్లిపోయాడు. రెండో శనివారం గుర్రంకొండ కోలాటం జట్టు బయలుదేరనే లేదు. వాళ్ల ఊళ్లో ఎవరో పెద్దాయన పోయాడట. ఇక మిగిలింది కుప్పం మునిరత్నమ్మ.

అసలు జయశీల ఇంత తంటాలు పడింది ఆమె కోసమే. నిరుడు వానాకాలంలో పిన్నమ్మ మేరమ్మను చూడ్డానికి కుప్పం వెళ్లినప్పుడు, బాట పక్క మడిలో మునిరత్నమ్మ నాట్లు వేస్తూ పాడుతోంది. ఆమె ఎత్తుకుంటే, వంచిన నడుములు ఎత్తకుండానే తక్కిన ఆడవాళ్లు అందుకుంటున్నారు. జయశీల గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడిపోయింది. తనెక్కాల్సిన బస్సు వెళ్లిపోయినా కదల్లేదు. ఆ పాట ఏడాది పొడుగునా ఆమె చెవుల్లోనే ఉంది.

మూడో శనివారం హాలు నిండింది. బస్సు మాత్రం రాలేదు. సాయంత్రం ఐదు దాటాక వెనక వరసల్లో ఈలలు మొదలయ్యాయి.

“ఏం టీచరమ్మా, వస్తాండారా, లేదా?” అన్నాడు గోపాలస్వామి.

“పెట్రోలు లేక బొగ్గుల పొయ్యితో నడిచే బస్సు కదయ్యా, కొంచెం ఆలస్యమవుతుంది.”

“కొంచెమా? జనం నన్ను తిడతాండారు, నిన్ను కాదు.”

అని ఇంటికి మనిషిని పంపి గ్రామఫోను తెప్పించాడు. ఏ పెట్టె లేకుండా పాట వినిపిస్తానన్న హాల్లో పెట్టె పాడుతుంటే, జయశీల పళ్లు బిగించి మూలన నిలబడింది.

మరునాడు ఆదివారం పొద్దున బస్సు వచ్చింది. ఒళ్లంతా మసితో మునిరత్నమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు దిగారు.

“పుంగనూరు కాడ బస్సు పొయ్యి సల్లారిపాయమ్మా,” అంది మునిరత్నమ్మ. మాట బొంగురుగా, గాలిలా వచ్చింది. “డ్రైవరు ఎంత తిప్పినా రగల్లా. జనం సుట్టూ చేరి యాడికి పోతాండారు అనిరి. పాడేదానికి అంటిమి. అయితే ఈడే పాడండి అనిరి. వదిలితే గదా! గొంతు పొయ్యేదాకా పాడితిమి.”

జయశీలకు ఏడుపొచ్చినంత పనైంది. కోప్పడదామంటే ఎవరిని కోప్పడాలి?

“ఒక్కటి, నాకోసం ఒక్కటి పాడమ్మా. ఆ మడిలో పాడింది.”

మునిరత్నమ్మ నోరు తెరిచింది. దగ్గు తెర వచ్చింది. జయశీల తక్కినవాళ్ల వైపు చూస్తే, “ఎత్తుకునేది ఆయమ్మే గదా, మేము అందుకునేవాళ్లం,” అన్నారు.

“పోనీ, వచ్చే శనివారం?”

“రేపే నాట్లు మొదులమ్మా. మడికి నీళ్లు కూడా పెట్టేసిరి.”

అప్పుడే గోపాలస్వామి వచ్చాడు. సంగతి విని తల కొట్టుకున్నాడు. “పుంగనూరోళ్లకు పాట, మనకు తిట్లు! ఇంక ఈ పల్లెపాటలు వద్దు టీచరమ్మా. చిత్తూరు నించి ఫిడేలాయన్ని పిలిపిస్తా.”

“మూడు వారాలకేనా? బస్తాలు దించింది నేనా? బస్సు ఆపింది నేనా?”

“నువ్వని ఎవరన్నారు? జరగలేదు గదా, అదీ సంగతి.”

ఆ పాటేదో మడిలోనే వింటాననుకుంది జయశీల. చీర కొంగు దోపుకుని, ఆ ఆడవాళ్లతోబాటు కుప్పం వెళ్లే బస్సెక్కి మునిరత్నమ్మ పక్కన కూర్చుంది.

“మా చర్చిలో ఈ పొద్దు ఆరాధనకు కీర్తన ఎత్తుకోవాల్సింది నేనే. రావడం లేదని చెప్పండి,” అంది కిటికీలోంచి గోపాలస్వామితో.

పుంగనూరులో బస్సు ఆగగానే, “రాత్రి పాడినామె వచ్చిందిరో!” అని జనం మూగారు. కాఫీ హోటలు రామప్ప మిరియాల కషాయం తెచ్చి మునిరత్నమ్మ చేతికిచ్చాడు. జయశీలను చూసి, “నువ్వు వినలేదా తల్లీ? అయ్యయ్యో, రాత్రి ఈడ ఉండాల్సింది నువ్వు!” అన్నాడు.

“వాళ్లని పిలిపించింది నేనేనప్పా!” అని జయశీల అరిచినంత పని చేసింది.

రామప్ప అది వినిపించుకోలేదు. ఆ పాట ఎలా ఉండిందో చూపిస్తానని అపస్వరంలో అందుకున్నాడు. బస్సు కదిలేదాకా ఆమె చెవులు మూసుకోలేక, వినలేక కూర్చుంది.

సోమవారం పొద్దున కుప్పంలో సన్నగా తుంపర పడుతోంది. కషాయానికో, నిద్రకో, మునిరత్నమ్మ గొంతు కొంత తెరుచుకుంది. మడిలో దిగి, నారు చేతికి తీసుకుని ఎత్తుకుంది. తక్కినవాళ్లు అందుకున్నారు. గట్టు మీద జయశీల చెవి ఒగ్గి విన్నది. బాగుంది, చాలా బాగుంది. కానీ అది ఆ పాట కాదు. ఇంకోటి ఎత్తుకున్నారు. అదీ కాదు.

“అమ్మా, నిరుడు పాడింది ఇది కాదు గదా?”

మునిరత్నమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని లేచి చూసింది. “ఓ, అదా! అది నాట్లు అయిపొయ్యే దినం పాడేదమ్మా. ఇప్పుడెట్ల పాడతాం? ఇంకా నాలుగు దినాలు ఉండాది.”

“నాలుగు దినాలా!”

జయశీల గట్టు మీద కూలబడింది. అక్కడ మదనపల్లెలో టీచరు లేని తన క్లాసు పిల్లలు ఈపాటికి అల్లరితో బడిని మార్మోగిస్తూ ఉంటారు. సెలవు కోసం హెడ్ మిస్ట్రెసుకు టెలిగ్రాం ఏమని ఇవ్వాలి? జ్వరమనా, పిన్నమ్మకు బాగాలేదనా? ఏదీ నోటికి రావడం లేదు. ఆలోచిస్తూనే చెప్పులు విడిచి, కుచ్చిళ్లు పైకి దోపుకుంది.

“ఆ నారు కట్ట ఇట్లా ఇయ్యండి, ఇంకో చెయ్యి పడితే తొందరగా అయిపోతుంది,” అంది విసుగ్గా.