మూడు వందల శాతం గడ్డం

సాయంత్రం అయిదింటిలోపు అవుననో కాదనో చెప్పాలి. ఇప్పుడు మూడున్నర. చర్మవ్యాధుల డాక్టరు గది బయట కుర్చీలో కూర్చుని, మాస్కు కళ్ల దాకా లాక్కుని, రబ్బరు ఎదుటి గోడ మీది గడియారాన్ని శత్రువును చూసినట్టు చూస్తోంది.

రబ్బరు ఆమె అసలు పేరు కాదు. మేనమామ పెట్టిన ముద్దుపేరు. ఆయన ఫోటో స్టూడియోలో పన్నెండేళ్లుగా కంప్యూటరు ముందు కూర్చుని జనం మొహాల మీది మచ్చలు, మొటిమలు, కళ్ల కింది నలుపు చెరిపేయడం ఆమె పని. ఊళ్లో సగం మంది గుర్తింపు కార్డుల మీద నున్నగా నవ్వుతున్నారంటే అది ఆమె చేతి చలవే. అలాంటి మనిషి గడ్డం మీదే, ముప్పై నాలుగేళ్ల వయసులో, నెలనెలా మొటిమలు వచ్చి మకాం వేస్తున్నాయి. పైకి తలెత్తని రకం. లోపలే గడ్డకట్టి, తాకితే ప్రాణం పోయే రకం.

"పదహారేళ్లప్పుడు రావలసినవి ఇప్పుడొచ్చాయేంటే? దారి తప్పాయా?" అంది పక్క కుర్చీలోంచి వదిన.

వదిన అంటే ఆ మేనమామ పెద్ద కూతురు. స్టూడియోలో కెమెరా ఆమెది, నోరు కూడా ఆమెదే.

"వదినా, నీకు దణ్ణం పెడతా. కాసేపు ఊరుకో."

"ఊరుకుంటే అవి ఊరుకుంటాయా?"

రబ్బరు ఊరుకోలేని కారణం ఒకటుంది. ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్లు ఆరు ఆదివారాలు మొహాలు దిద్దడం మీద పాఠాలు చెప్పమని అడిగారు. నలభై మంది విద్యార్థులు. పన్నెండేళ్లు గోడ వైపు తిరిగి చేసిన పనిని ఒక్కసారి జనం వైపు తిరిగి చెప్పాలని ఆమెకు కొండంత ఆశ. కానీ పాఠం చెప్పే మనిషి మొహాన్ని గోడంత తెర మీద చూపించడం ఆ సంఘం వాళ్ల సరదా. గోడంత గడ్డం! మొదటిసారి అడిగినప్పుడు గొంతు పోయిందని తప్పించుకుంది. రెండోసారి పెద్దత్తకు ఆపరేషనంది. పెద్దత్త నిక్షేపంలా ఉంది. ఇది మూడోసారి. కాదంటే ఆ అవకాశం ఎదుటి వీధి బొమ్మల మాస్టారికి పోతుంది. ఆయన దిద్దిన ఫోటోలో ముసలాయనకు కూడా బొమ్మకున్నట్టు పసిపిల్లాడి బుగ్గలొస్తాయి. అందుకే ఆయనకా పేరు.

రెండు నెలల కిందట డాక్టరు ఒకటే చెప్పింది. "రోజూ ఒకే వేళకు, ఒకే వెలుతురులో గడ్డం ఫోటో తీయించండి. ఎనిమిది వారాలు. అవి పట్టుకుని రండి, మందు సంగతి అప్పుడు చూద్దాం." ఫోటో స్టూడియోలో పనిచేసే మనిషికి అదో లెక్కా? రోజూ తొమ్మిదింపావుకు వదిన ఆమెను అదే స్టూలు మీద కూర్చోబెట్టి తీసింది. యాభై ఆరు ఫోటోలూ ఇప్పుడు వదిన ఒళ్లో కవరులో ఉన్నాయి.

లోపలికి పిలిచారు.

డాక్టరు కవరు విప్పి ఫోటోలు బల్ల మీద పేకముక్కల్లా పరిచింది. పదో ఫోటో దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఇరవయ్యో ఫోటో దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఎవరివివి?"

"నావేనండి."

"మాస్కు తియ్యండి."

తీసింది. డాక్టరు ఫోటో చూసింది. గడ్డం చూసింది. మళ్లీ ఫోటో చూసింది.

"అమ్మా, ఈ ఫోటోలో గడ్డం మీద దోమ కూడా వాలినట్టు లేదు. మీ గడ్డం మీద మూడు గడ్డలు కనిపిస్తున్నాయి. ఈ రెండిట్లో ఏది నమ్మమంటారు?"

రబ్బరు బల్ల మీదికి వంగింది. యాభై ఆరు గడ్డాలు. యాభై ఆరూ పాలరాయిలా మెరుస్తున్నాయి. ఆమె గుండె జారి చెప్పుల్లో పడింది.

"వదినా, ఇవి ఎందులోంచి ప్రింటు వేశావు?"

"ఎందులోంచేంటి? 'అయినవి' అన్న ఫోల్డరులోంచి. ప్రింట్లు ఎప్పుడూ అందులోంచేగా వేస్తాం!"

జరిగింది రబ్బరుకు అప్పుడు అర్థమైంది. కెమెరాలో తీసిన ప్రతి ఫోటో ముందు 'చెయ్యవలసినవి'లో పడుతుంది. ఆమె రోజూ వందకు పైగా తెరుస్తుంది. ఒక్కొక్కదాన్నీ మూడు వందల శాతం పెద్దది చేస్తుంది. అంత పెద్దది చేశాక కళ్లుండవు, ముక్కుండదు, పేరుండదు. తెర నిండా జానెడు చర్మం, దాని మీద తప్పులు. రేడియో వింటూ తప్పులు చెరిపేసి 'అయినవి'లోకి తోసేస్తుంది. అలా రోజుకో గడ్డం చొప్పున, తన గడ్డాన్ని తానే యాభై ఆరు సార్లు నున్నగా చేసి పెట్టింది.

"ఒక్కసారి కూడా గుర్తుపట్టలేదా నిన్ను నువ్వు?" వదిన నోరు తెరిచింది.

"నేను చర్మం చూస్తాను గానీ మనిషిని చూడను కదా!"

"నయం, ఎవరో కస్టమరు చేతిలో పెట్టి పంపించలేదు."

రబ్బరు స్టూడియోకు ఫోను చేసింది. "మావయ్యా, దిద్దకముందు ఫోటోలు ఉన్నాయా?"

"ఎక్కడమ్మా? శనివారం శనివారం ఊడ్చేస్తాగా, చోటు చాలక! నువ్వు రబ్బరైతే నేను చీపురు," అని ఆయన తన జోకుకు తానే నవ్వుకున్నాడు.

మూడూ యాభై.

"మీకు మొటిమలున్నాయని తెలుసుకోవడానికి నాకు ఫోటోలక్కర్లేదు," అంది డాక్టరు. "అవి ఎప్పుడొస్తున్నాయో, ఎప్పుడు పోతున్నాయో తెలియాలి. పోనీ, మళ్లీ ఎనిమిది వారాలు తీయించండి." అని ఫోటోలు పోగుచేసింది. ఒకటి జారి బోర్లా పడింది. వెనక సన్నటి అక్షరాల్లో 0611-3 అని ఉంది.

"చివర ఈ మూడేంటి?"

"మూడు చోట్ల దిద్దానని." రబ్బరు కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "మా మావయ్య పెట్టిన రూలండి. ప్రతి ఫోటోకీ తేదీ పక్కన ఎన్ని దిద్దామో వెయ్యాలి. ఇరవై దాటితే ఆయన్ని అడగాలి. ఇరవై దాటితే మనిషి మారిపోతాడంటాడు..."

మాట పూర్తికాలేదు. డాక్టరు కుర్చీలోంచి లేచింది. "అన్నీ తిప్పండి! తేదీల వరసలో పెట్టండి!"

ముగ్గురూ బల్ల మీద పడ్డారు. రెండు. మూడు. రెండు. మూడు. నాలుగు. ఉన్నట్టుండి తొమ్మిది. పన్నెండు. పద్నాలుగు. పదకొండు. మళ్లీ జారి అయిదు, మూడు, రెండు.

"నెలసరి తేదీలు చెప్పండి."

రబ్బరు ఫోనులోంచి చదివింది. డాక్టరు ఎర్రకలంతో రెండు ఫోటోల వెనక సున్నాలు చుట్టింది. రెండు నెలలూ అంతే. నెలసరికి వారం ముందు అంకెలు ఎగబాకుతున్నాయి, మొదలైన రెండో రోజుకల్లా దిగిపోతున్నాయి.

"దొరికాడు," అంది డాక్టరు, ఇన్‌స్పెక్టరులా. "మురికీ కాదు, ఒంట్లో వేడీ కాదు. హార్మోన్ల పని. పోయినసారి చేయించిన రక్త పరీక్షలు బాగానే ఉన్నాయి, నెలసరి వేళకే వస్తోంది. హార్మోన్లు ఎక్కువేం లేవు. గడ్డం దగ్గరి నూనె గ్రంథులే వాటి మాటకు అతిగా ఎగిరిపడుతున్నాయి. పెద్దయ్యాక ఆడవాళ్లలో ఇది మామూలే."

"మరి చాక్లెట్లు?" అంది వదిన. "ఆర్నెల్లుగా దీనిచేత మాన్పించాను."

"మాన్పించి?"

"నేను తిన్నాను."

డాక్టరు రబ్బరు వైపు తిరిగింది. "ఇప్పటిదాకా ఏమేం రాశారో బయటపెట్టండి."

సంచిలోంచి సామాను ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చింది. గరుకుపొడి. నిమ్మరసం సీసా. పళ్ల పేస్టు. చివరికి పేరూ ఊరూ లేని ఒక తెల్ల క్రీము డబ్బా.

"పళ్ల పేస్టు పళ్లకు. నిమ్మరసం గ్లాసులోకి. గరుకుపొడి గిన్నెలకు. మొటిమను తోమితే మచ్చ మిగులుతుంది." డాక్టరు చకచకా మందులు రాసింది. "రాత్రిపూట ఈ జెల్, గడ్డం మొత్తానికి బఠాణీ గింజంత. మొదట్లో మంటపుడుతుంది, పొట్టు లేస్తుంది, భయపడొద్దు. పొద్దున ఎండ తగలకుండా క్రీము. హార్మోన్ను అడ్డుకునే మాత్ర రోజుకొకటి. ముందు బీపీ చూస్తాను, రక్తం మళ్లీ ఒకసారి పరీక్షిస్తాను. ఈ జెల్, ఈ మాత్ర వాడుతుండగా గర్భం రాకూడదు. పిల్లల ఆలోచన ఉందా?"

"ఒకడున్నాడండి. నలుగురి పెట్టు. అంతటితో సరి."

"అయితే మంచిది. మూడు నెలలకు తేడా తెలుస్తుంది."

"మూడు నెలలా! డాక్టరుగారూ, నాకు రెండు వారాలే ఉంది."

"రెండు వారాల్లో తగ్గించేది మీ దగ్గరే ఉంది." డాక్టరు తెల్ల డబ్బా పైకెత్తి చూపించింది. "ఇందులో స్టెరాయిడు ఉన్నట్టుంది. ముందు మాయ చేస్తుంది. తర్వాత మొహమంతా ఎర్రబడి, చర్మం పలచబడి, మొటిమలు దండుగా దిగుతాయి. ఉంచుకుంటారా?"

రబ్బరు ఆ డబ్బాను తన చేత్తోనే చెత్తబుట్టలో వేసింది.

బయటికొచ్చేసరికి అయిదుకు పది నిమిషాలు. వదిన మెట్ల మీద కూర్చుని ఫోనులో క్యాలెండరు తీసి వేళ్లు మడిచింది. ఆమె మొహం మాడిపోయింది.

"ఏమే, చావుకబురు చల్లగా చెప్తున్నా. మొదటి పాఠం ఉన్న ఆదివారం సరిగ్గా నీ అంకె పద్నాలుగుకు ఎక్కే రోజు. అవి ఊరేగింపుగా వస్తాయి. కాదని చెప్పెయ్."

ఫోను మోగింది. సంఘం కార్యదర్శి. "ఏమ్మా, ఏ సంగతీ చెప్పవేం? బొమ్మల మాస్టారు నా ఎదురుగానే కూర్చున్నారు. రెండు టీలు కూడా అయిపోయాయి."

రబ్బరు గడ్డం తడుముకుంది. చురుక్కుమంది. ఇన్నాళ్లూ ఎప్పుడు మీద పడతాయో తెలియక భయపడింది. ఇప్పుడు అవి వచ్చే రోజుతో సహా తెలుసు. రోజు తెలిసిన శత్రువును పనిలో కూడా పెట్టుకోవచ్చు.

"వస్తున్నానండి," అంది. "ఒక్కటే షరతు. పాఠానికి నమూనా ఫోటోలు మీరు తేవద్దు."

"మరి ఎవరివి వాడతావమ్మా?"

"నావే. ఆ ఆదివారం సరుకు బాగా దిగుతుంది."

వదిన మెట్టు మీదినుంచి జారబోయి కమ్మీ పట్టుకుంది.

ఆ ఆదివారం సరుకు మాట తప్పలేదు. జెల్ పుణ్యమా అని పైన పొట్టు కూడా లేచింది. గోడంత తెర మీద గడ్డం పరచుకుంది. రబ్బరు కర్ర పుచ్చుకుని, ఎవరి ఇంటినో చూపిస్తున్నట్టు మొదలుపెట్టింది.

"ఇది హార్మోను మొటిమ. దీని ఎరుపు అంచుల దగ్గర మెల్లగా కలిసిపోతుంది, అందుకే కత్తిరించినట్టు చెరపకూడదు. ఇది పాత మచ్చ. ఇది పొట్టు. వచ్చిపోయేవి దిద్దండి. ఉండిపోయేవి ముట్టుకోవద్దు. ఇరవై దాటితే నన్నడగండి."

అందరూ ఆ గడ్డాన్నే తమ కంప్యూటర్లలో దిద్దసాగిన అరగంటకు మొదటి వరసలో ఒకాయన చెయ్యెత్తాడు. బొమ్మల మాస్టారి శిష్యుడు. ఆ శిష్యుడు దిద్దిన ఫోటో తెర మీదికొచ్చింది. మొటిమలు లేవు, మచ్చలు లేవు. పెదవి కింద, ఎడమ పక్కన నల్లటి చుక్క కూడా లేదు.

"బాగుందా మేడమ్?"

"బాగుంది బాబూ. కానీ ఆ పుట్టుమచ్చ మా అమ్మ ఇచ్చింది," అంది రబ్బరు. "తీసింది తీసినచోట పెట్టెయ్."