మైకక్క అడగని ప్రశ్న

ఆ శనివారం చిన్నకోడలు చేయాల్సిన పనులు ఇవి. తెల్లారగానే పాలు కాచాలి. అత్తగారి మోకాళ్ళకు నూనె రాయాలి. పాప స్కూలు బూట్లు ఉతికి ఎండలో పెట్టాలి. భర్త చొక్కాలు ఇస్త్రీ చేయాలి, ముఖ్యంగా నీలం గీతలది. మధ్యాహ్నం వంటతోపాటే రాత్రి వంట కూడా వండి మూతలు పెట్టాలి, సాయంత్రం ఇంట్లో ఉండదు కాబట్టి. లా కాలేజీ లైబ్రరీకి వెళ్ళాక, కొత్తగా వచ్చిన సవరణ కాగితాలను చట్టాల సంపుటాల్లోకి ఎక్కించాలి. రీడింగు హాల్లో బల్లలు గోడవారకు జరిపి కుర్చీలు వేయాలి. మంచినీళ్ళు పట్టాలి. తలుపు దగ్గరి అర సర్దాలి. మైకు పనిచేస్తోందో లేదో చూడాలి. మైకక్క ఫోటో ఒక్కటైనా ఎవరి దగ్గరైనా ఉందేమో కనుక్కోవాలి.

ఇందులో ఏడవడానికి ఎక్కడా చోటు లేదు. అందుకని అత్తగారికి నూనె రాస్తూనే ఆ పని కూడా కానిచ్చేసింది.

"మోకాలి మీద ఏదో పడుతోందే," అంది అత్తగారు.

"నూనె ఎక్కువైంది అత్తయ్యా."

"నూనె వెచ్చగా ఉంటుందా ఎక్కడైనా? పోయినావిడ నీకేమవుతుందని? చుట్టమా, పక్కమా?"

భర్త పేపర్లోంచి తల ఎత్తలేదు. "ఇవాళ కూడా వెళ్తున్నావా? ఆ మైకావిడ లేదుగా ఇక."

"అందుకే వెళ్ళాలి."

"నీ డ్యూటీ మధ్యాహ్నంతో అయిపోతుంది. సాయంత్రం ఊడిగానికి జీతమేమైనా ఇస్తున్నారా?"

ఇవ్వరు. ఇంట్లో చేసేదానికి మాత్రం ఎవరిస్తున్నారు అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆమె మాటలు చాలావరకు అక్కడే కాపురం ఉంటాయి.

వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తనే. తండ్రి గోదాముల్లో బస్తాలు మోసేవాడు. ఫలితాలు వచ్చిన రోజు కూతురి మార్కుల కాగితాన్ని ముట్టుకోవడానికి ముందు చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. పెళ్ళి మాటల్లో అవతలివాళ్ళు "ఉద్యోగం చేసుకోనిస్తాం" అన్నారు. ఏదో దానమిచ్చినట్టే అన్నారు, తనూ దానం పుచ్చుకున్నట్టే తల వంచింది. ఆ తర్వాత తెలిసింది, చేసుకోనివ్వడమంటే ఇంటి పనంతా అయ్యాక మిగిలిన ఓపికతో చేసుకోనివ్వడమని. చుట్టాలొస్తే అత్తగారు నవ్వుతూ చెప్పేది: "మా చిన్నకోడలు కోర్టు పుస్తకాలు దులుపుతుంది." అది అబద్ధమేమీ కాదు. దులుపుతుంది కూడా.

లైబ్రరీలో ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన పని సవరణ కాగితాలు ఎక్కించడం. చట్టం మారిన ప్రతిసారీ కొత్త పుస్తకం రాదు, విడి కాగితాలు వస్తాయి. సంపుటం రింగులు తెరిచి, చెల్లిపోయిన పేజీ తీసేసి, సరిగ్గా ఆ చోటే కొత్త పేజీ పెట్టాలి. రింగులు మూసుకుంటున్నప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు ఆమెకు ప్రాణానికి హాయిగా ఉండేది. నిన్నటిదాకా అందరినీ కట్టిపడేసిన మాట ఇవాళ చెత్తబుట్టలో ఉంటుంది. ఇంట్లో అలా ఒక్క పేజీ అయినా మారితే బాగుండునని అనుకునేది. 'పెద్దకోడలైతే ఈపాటికి వంట దించేసేది' అన్న పేజీ, 'చదువుకున్నదానివి, నీకు చెప్పేంతవాళ్ళమా' అన్న పేజీ, ఏళ్ళు గడిచినా చెల్లుబాటు అవుతూనే ఉన్నాయి.

ఈ మాట ఆమె పైకి చెప్పింది ఒక్కరితోనే. మైకక్కతో.

మైకక్క ఆ లైబ్రరీలో అటెండరు. బక్కపల్చటి మనిషి. గొంతు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనట్టు, పెద్ద హాలు చివరిదాకా పాకేది. నెలకో శనివారం సాయంత్రం ఆ లైబ్రరీ తలుపులు ఊరందరికీ తెరుస్తారు. ఒక వకీలమ్మతో సహా ఇద్దరు ముగ్గురు వకీళ్ళు వచ్చి కూర్చుంటారు. అద్దెల గొడవలు, ఆగిపోయిన జీతాలు, విడాకులు, వీలునామాలు, ఎవరి ప్రశ్న వాళ్ళు అడగొచ్చు. మొదలుపెట్టిన ఏడాదిలోనే ఒక సాయంత్రం, చివరి వరుసలో ఒకావిడ చేయెత్తింది. మైకు చేతికొచ్చేసరికి గొంతు పెగల్లేదు. మైకు గరగరలాడింది. ముందు వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నీళ్ళ గ్లాసులు సర్దుతున్న అటెండరమ్మ వెళ్ళి వంగి, ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టి విని, మైకు అందుకుని నిలబడి చెప్పింది: "నా భర్త నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టి తాళం మార్చాడు. నా బట్టలు, నా బిడ్డ పుస్తకాలు లోపలే ఉన్నాయి. తాళం పగలగొడితే నాది తప్పవుతుందా?"

లైబ్రేరియన్ గారు తర్వాత పిలిచి మందలించారు. "నా భర్త అంటావేంటి? ఆమె భర్త అని చెప్పాలి కదా."

"ఆమె అంటే ఆమె ఎవరా అని అందరూ తిరిగి చూస్తారు సార్. నేను అంటే నన్నే చూస్తారు. చూస్తే నేనేం అరిగిపోతానా?"

అప్పట్నుంచి అదే పద్ధతి. అడగలేనివాళ్ళు చెవిలో చెబుతారు, మైకక్క 'నేను' అని అడుగుతుంది. ఒక నియమం కూడా పెట్టింది, ప్రశ్న నడుస్తుండగా ఎవరూ వెనక్కి తిరగకూడదు. "మెడలు పట్టేశాయా? వచ్చే నెల మీ కుర్చీ వరండాలో వేస్తా," అని మైకులోనే అనేది. పెద్ద పెద్ద ఉద్యోగస్థులు కూడా తిరగబోయిన మెడలు సర్దుకునేవారు.

తలుపు దగ్గర ఆమె వేయించిన అర ఒకటి ఉంది. మామూలు జనానికి అర్థమయ్యే మాటల్లో రాసిన చిన్న పుస్తకాలు అందులో ఉంటాయి. అద్దె ఇళ్ళవీ, వీలునామాలవీ పై వరుసలో. మనోవర్తి, విడాకులు, ఇంట్లో కొట్టడం గురించినవి అన్నిటికన్నా కింద. "పైన పెడితే చెయ్యి చాచాలి. చెయ్యి చాస్తే నలుగురి కంట్లో పడతారు. కింద ఉంటే చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి తీసుకోవచ్చు," అంది చిన్నకోడలితో, మొదటి రోజే. అప్పటినుంచి ఆ అర ముందు వంగిన ఏ ఆడమనిషిని చూసినా చిన్నకోడలు చప్పున ఇంకో దిక్కుకు చూసేది.

వాళ్ళిద్దరూ కలిసి టీ తాగే వేళ చాలా నవ్వుకునేవారు.

"లెక్క చూడవే డిగ్రీ. మొన్న ఒక్క సాయంత్రంలో ఇద్దరు మొగుళ్ళు వదిలేశారు, కొడుకు గెంటేశాడు, మేనేజరు జీతం ఎగ్గొట్టాడు. ఇంత జరిగినా చూడు, ఎంత నిబ్బరంగా టీ తాగుతున్నానో."

"ఊళ్ళో కొందరు నిజమే అనుకుంటున్నారక్కా. ఆవిడకి ఎన్ని పెళ్ళిళ్ళని నన్నడుగుతున్నారు."

"అనుకోనీ. వాళ్ళ ఇళ్ళల్లోవి నా నెత్తిన వేసుకుంటే వాళ్ళకి కాస్త బరువు తగ్గుతుంది."

కానీ మైకక్క సొంత కథ ఎవరికీ తెలియదు. బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం వెనక ఒంటి గదిలో ఉండేది. ఎప్పుడైనా ఊరినుంచి ఫోనొస్తే అరల మధ్యకు వెళ్ళి మాట్లాడి, ముఖం కడుక్కుని వచ్చేది. అంతే.

రెండు నెలల కిందట, కుర్చీలు మడుస్తూ ఉన్నట్టుండి అంది. "ఏమే డిగ్రీ, వచ్చే నెల మైకు నువ్వు పట్టుకోవాలి."

"నేనా? నాకు నలుగురిలో గొంతు లేవదక్కా."

"లేస్తుందిలే. నాకూ ఒకటి అడగాలనుంది. ఇన్నేళ్ళూ అందరివీ అడిగాను కానీ, నాది నేనే అడిగితే ఇది నాదని గొంతులోనే తెలిసిపోతుంది. వకీలమ్మ దగ్గరికి ఒంటరిగా వెళ్దామంటే ఆవిడ జాలిగా చూస్తుందేమో, నాకది పడదు. చివరి వరుసలో కూర్చుంటాను. నువ్వొచ్చి వంగు. చెబుతాను."

"ఇప్పుడే చెప్పరాదూ అక్కా, నేను గుర్తు పెట్టుకుంటాను."

"ఊహూ. ఒక్కసారే చెప్పే ఓపిక ఉంది నాకు."

చిన్నకోడలు సరేనంది. నెలంతా ఒంటరిగా ఉన్నప్పుడల్లా గొంతు సవరించుకుని 'నేను' అని పలికి చూసుకుంది. వంటింట్లో, బస్సు కోసం నిలబడి, సంపుటాల రింగులు మూస్తూ. ఆ ఒక్క మాట పలకడానికి ఇంత సాధన కావాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

పోయిన నెల శనివారం మధ్యాహ్నం, డ్యూటీ నుంచి వచ్చి ఆమె మళ్ళీ బయల్దేరబోతుంటే భర్త వచ్చాడు. "అన్నయ్య వాళ్ళు సాయంత్రం వస్తున్నారు. భోజనానికి ఉంటారు."

"ఇవాళ నాకు చాలా ముఖ్యమండీ. అక్కకి మాటిచ్చాను."

"ఒక్క నెల నువ్వు వెళ్ళకపోతే కోర్టులు మూతపడతాయా?"

లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "వాళ్ళ మైకుకి మనిషి కావాలి గానీ, మా పొయ్యికి అక్కర్లేదా?"

ఇద్దరూ కోపంగా అనలేదు. అక్కడే వచ్చింది చిక్కు. కోపంగా అని ఉంటే ఎదురు తిరిగేదేమో. మామూలుగా, ఇంత చిన్న విషయానికి మళ్ళీ మాట్లాడాలా అన్నట్టు అన్నారు. ఆ మామూలుతనం ముందు తన మాట తనకే చిన్నదిగా కనిపించింది. మైకక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, రాలేకపోతున్నాను. ఇంట్లో..."

"అర్థమైందిలే. ఇంటికి మించిన జడ్జీ ఎవరు," అని నవ్వింది మైకక్క. "వచ్చే నెల అడుగుదాం. ఎక్కడికి పోతుంది, ఇన్నేళ్ళు ఆగింది."

బావగారు వాళ్ళు వచ్చారు. "దారిలో తినేసి వచ్చామమ్మా, టీ చాలు," అన్నారు. వండినదంతా అలాగే ఉంది. ఆ టీ కోసం చిన్నకోడలు ఆగిపోయింది. అక్కడ లైబ్రరీలో మైకక్క కుర్చీలు వేసి, మైకు పట్టుకుని, ఇంకెవరివో ప్రశ్నలు 'నేను, నేను' అంటూ అడిగి, కుర్చీలు మడిచి, గదికి వెళ్ళింది.

ఆ వారంలోనే పోయింది. గుండె అన్నారు. ఇస్త్రీ దుకాణం ఆయన తలుపు తట్టితే పలకలేదట. చిన్నకోడలు సంపుటం రింగులు తెరిచి ఉండగా లైబ్రేరియన్ గారు వచ్చి ఈ మాట చెప్పారు. కళ్ళజోడు తుడుచుకుని అన్నారు. "పాపం, మంచి మనిషి. ఇకనుంచి ఆ శనివారాలు మీరు కాస్త ముందే రావాలమ్మా. కుర్చీలు మీరే వేయాల్సి ఉంటుంది."

పాత పేజీ తీసేసినట్టు, ఆ చోట్లో కొత్త పేజీ పెట్టినట్టు. ఆ రోజు రింగులు మూసుకున్న చప్పుడు ఆమె చెవులకు హాయిగా లేదు.

అందుకే ఈ శనివారం, భర్త జీతం సంగతి ఎత్తినప్పుడు, ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసింది. నీలం గీతల చొక్కా సగంలో ఉంది.

"ఇది అవ్వలేదు కదా," అన్నాడతను, పేపరు దించి.

"అవ్వలేదు."

"ప్రతి నెలా ఇదేనా ఇక?"

"ప్రతి నెలా."

ఆమె గొంతు పెద్దది కాలేదు. చొక్కాను కుర్చీ మీద వేసి, వంటల మీద మూతలు పెట్టడానికి వెళ్ళింది.

సాయంత్రం హాలు నిండింది. ఫోటో దొరకలేదు. ఏ సభ ఫోటోలో చూసినా మైకక్క ఒక భుజమో, గ్లాసు పట్టుకున్న చెయ్యో అయి ఉంది. లైబ్రేరియన్ గారు రెండు మాటలు చెప్పారు. కాలేజీకి, వకీళ్ళకు, సంపుటాలు విరాళమిచ్చిన పెద్దలకు కృతజ్ఞతలు చెప్పారు. 'మన సిబ్బందిలో ఒకరు' ఈమధ్య చనిపోయారని కూడా చెప్పారు. ప్రశ్నలు మొదలయ్యాయి. అద్దె ప్రశ్న, జీతం ప్రశ్న, ప్రహరీ గోడ ప్రశ్న, అన్నీ మగవాళ్ళవే. చివరి వరుసలో ఆడవాళ్ళు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. వంగి వినే మనిషి లేదు కదా.

"ఇంకెవరైనా ఉన్నారా?" అంది వకీలమ్మ, కాగితాలు సర్దుకుంటూ.

చిన్నకోడలు మైకు తీసుకుని చివరి వరుస వెనక నిలబడింది. గరగరలాడింది మైకు.

"నేను," అంది. ఆగింది. ఎవరూ వెనక్కి తిరగలేదు.

"నేను ఈ హాల్లో కుర్చీలు వేసేదాన్ని. మీ అందరి ప్రశ్నలూ నావే అని అడిగేదాన్ని. నాకూ ఒకటుండేది. దాన్ని నా నోటితో అడగలేక ఇంకొకామెను రమ్మన్నాను. ఆమె వస్తానంది. చివరి వరుసలో కూర్చుందామని అనుకున్నాను. ఆమె రాలేదు. ఆమె ఇంటికి చుట్టాలొచ్చారు, టీ పెట్టాల్సి వచ్చింది. వచ్చే నెల అడుగుదాంలే అనుకున్నాను. వచ్చే నెలంటే ఇదే."

వకీలమ్మ కలం పట్టుకుని మెల్లగా అడిగింది. "ప్రశ్న ఏంటమ్మా?"

"తెలియదండి. అది నాతోనే పోయింది."

వకీలమ్మ కలం కింద పెట్టింది. "దీనికి నా దగ్గర ఏ సెక్షనూ లేదమ్మా." ఎప్పుడూ అంత తడబడి మాట్లాడలేదావిడ.

ముందు వరుసల్లో కొందరి భుజాలు కదులుతున్నాయి. అయినా ఒక్క తలా వెనక్కి తిరగలేదు. నియమం పెట్టిన మనిషి లేదు, వరండాలో కుర్చీ వేస్తానని బెదిరించే గొంతూ లేదు. అయినా అందరూ ఎదురుగా ఉన్న పుస్తకాల అరల వైపే చూస్తూ కూర్చున్నారు, కళ్ళు తుడుచుకోవడానికి కూడా తల తిప్పకుండా.

చిన్నకోడలు మైకు బల్ల మీద పెట్టబోతుంటే చివరి వరుసలోంచి ఒక చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి ఉన్న ఒక పెద్దావిడ. చిన్నకోడలు వంగింది. చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టి, ఒక్క మాట కూడా జారిపోకుండా, చివరిదాకా విన్నది. తర్వాత లేచి నిలబడి గొంతు సవరించుకుంది.

"నేను..."

ఇది చదివే మీకు ఒక్కటే మనవి. ఎప్పుడైనా ఏ సభకైనా మీరు వెళ్ళేసరికి కుర్చీలు వేసి ఉంటే, కూర్చునే ముందు మైకక్కను ఒక్కసారి తలుచుకోండి. ఆవిడకూ ఒక ప్రశ్న ఉండేది.