ఎర్ర పేలిక కట్టిన వైరు

నిజామాబాద్ యార్డులో పసుపు సంచులన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందుకే మా రెంజల్ ఊరివాళ్లం పాత చీర చించి, ఆ పేలికను సంచి మూతికి కట్టుకుంటాం. పేలిక మనదైతే సంచి మనదే, ఇంకేం చూడం. ఇప్పుడు టౌనులో, కంఠేశ్వర్‌లో ఒక్కదాన్నే ఉంటున్నా ఆ అలవాటు పోలేదు. నా చెవి మిషన్ చార్జింగ్ వైరుకూ ఎర్ర పేలిక కట్టాను.

పైవాటాలో అద్దెకున్న నిరోష ఓరోజు ఆ వైరు అడిగి తీసుకెళ్లింది. మర్నాడు ఇల్లు ఖాళీ చేసి నవీపేట వెళ్లిపోతూ, ప్లగ్గుతో సహా చేతిలో పెట్టింది. పేలిక చూసి తీసుకున్నాను. ప్రతి ఐతారం వస్తానని చెప్పి ఆటో ఎక్కింది.

ఆ తర్వాత చార్జింగ్ డబ్బీలో ఎంతసేపు పెట్టినా మిషన్‌కి దీపం వెలగలేదు. చెడిపోయిందనే అనుకున్నాను. ఆ మాట డాక్టరు నోట వినే ధైర్యం లేక రెండు వారాలు చెవిటిదానిలాగే గడిపాను. కోతుల భయానికి తలుపు తెరిచి పెట్టలేను. రెండు ఆదివారాలూ నిరోష వచ్చి తలుపు కొట్టి కొట్టి పోయి ఉంటుందని ఏడ్చాను కూడా.

చివరికి సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే కావ్య వేరే వైరు పెట్టగానే దీపం వెలిగింది. కాస్త చార్జి ఎక్కి, నేను చెవికి పెట్టుకున్నాక విడమరిచి చెప్పింది.

"రెండు దిక్కుల ఒక్కతీరు మూతున్న వైరు పెడితే ఈ డబ్బీకి చార్జింగ్ ఎక్కది అవ్వా. ఒకదిక్కు వెడల్పు మూతి ఉండాలె."

అలాంటి వైరు అమ్మే అట్టపెట్టె మీదేమో అన్నింటికీ పనికొస్తుందని రాసి ఉందట. రాసినవాడి నోట్లో మన్ను పడ!

అక్కడినుంచే నిరోషకి ఫోన్ చేసి తిట్టాను.

"నీ వైరు ఎల్క కొరికింది అవ్వా. కొత్తది కొని నీ పేలికే కట్టిన. చెప్పుడు మర్శిన."

ఆదివారాలు వచ్చావా అని అడగబోయి ఊరుకున్నాను. ఈ ఐతారం తప్పకుండా వస్తానని తనే అంది.

ఆదివారం పొద్దున్నే మిషన్ పెట్టుకుని తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాను. పక్కింటి కుక్కర్ వినపడింది. రేకుల మీద కోతులు వినపడ్డాయి. వీధిలో ఆగిన ప్రతి ఆటో వినపడింది. దీపాల వేళ దాకా నా తలుపు మాత్రం ఎవరూ కొట్టలేదు. వెనకటి రెండు ఆదివారాలూ ఇంతేనన్నమాట.

ఇవాళ శనివారం. చార్జి అయిపోయిన మిషన్‌ని డబ్బీలో పెట్టి, కావ్య దగ్గర కొన్న వైరు పక్కన పెట్టి, నిరోష ఇచ్చిన వైరుకే తగిలించాను. దీపం వెలగలేదు. రేపు పాపం, ఆ పిల్ల తలుపు కొట్టి కొట్టి పోతుంది.