వెలిగండ్ల నీళ్ళు

సుస్మిత పళ్ళు పచ్చగా, గరుకుగా ఉండటానికి కారణం ఆ పిల్ల తల్లి. పెద్దారవీడులోని ఆ ఇంట్లో ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. మాధవి పురిటికి పుట్టింటికి పోయింది, ఫ్లోరైడున్న వెలిగండ్ల బోరు నీళ్ళు తాగింది, బిడ్డకు అట్లాంటి పళ్ళు వచ్చాయి.

అందుకే రోజూ క్యాను మోసి ఫిల్టరు ప్లాంటు నీళ్ళు తేవడం మాధవి పని. పుట్టింటికి పోతే పొద్దున పోయి సాయంత్రానికి రావాలి, సీసాలో నీళ్ళు వెంట తీసుకుపోవాలి. తల్లి ఇచ్చిన చెంబును పక్కకు జరిపినప్పుడల్లా, చెయ్యని నేరం ఒప్పుకున్నట్టు ఉండేది. పిల్ల పళ్ళు అరిగిపోతున్నాయి, డాక్టరుకు చూపిద్దామంటే మొగుడు రమణ, “నీళ్ళకు వచ్చింది నీళ్ళతోనే పోతుందిలే” అనేవాడు. రోజూ పొద్దున అతని కట్టుడు పళ్ళు కడిగి చేతికిచ్చేదీ మాధవే. బండి మీద నుంచి పడి పళ్ళు రాలిపోయాయని పెళ్ళప్పుడు చెప్పారు.

పిల్ల అన్నం కూడా నమలలేక ఏడ్చిన రోజున మాధవి ఎవరినీ అడగకుండా మార్కాపురం బయలుదేరింది. అత్త ఆదిలక్ష్మమ్మ కాపలాగా వెంట వచ్చింది.

పంటి డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూసింది. “పాలపళ్ళు ఎట్లుండేవి?”

“అవీ ఇట్లనే మేడం.”

“నీళ్ళ వల్లయితే పాలపళ్ళు ఇంతగా పాడవవు. పంటి పైన ఉండే గట్టి పొర పుట్టుకతోనే పలచగా ఉంది. ఇది వంశంలో వచ్చేది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?”

“మా వంశంలో అట్లాంటివి లేవు తల్లీ,” అంది అత్త. “మా రమణవి పచ్చగా ఉన్నాయని పెండ్లిచూపులకు ముందే అన్నీ పీకించి కొత్తవి కట్టించినాం.”

అనేశాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాధవి అత్త వైపు చూడలేదు. “దీనికేం చెయ్యాల మేడం?”

“దవడ పళ్ళకు స్టీలు తొడుగులు, ముందు పళ్ళకు పూత. పెద్దయ్యేదాకా చూపిస్తుండాలి. ఇంకా ఆలస్యం చేస్తే చిగుళ్ళ దాకా అరిగిపోతాయి.”

“ఈరోజే మొదలుపెట్టండి.”

ఇంటికొచ్చి జరిగింది చెబితే రమణ ముఖం తిప్పుకున్నాడు. “ఏందిప్పుడు? అయిందేదో అయింది. ఇంక ఈ ఇంట్లో పళ్ళ మాట ఎత్తొద్దు.”

“ఎత్తను,” అంది మాధవి.

మర్నాడు అతను లేవకముందే, ఖాళీ క్యాను గడపలో వదిలి పిల్లను తీసుకుని బస్సెక్కింది. వెలిగండ్లలో తల్లి అలవాటుగా చెంబు తెచ్చి, ఇవ్వాలా వద్దా అని నిలబడింది. మాధవి అందుకుని గటగటా తాగింది.

అంతలో ఫోను మోగింది. బోసినోటితో రమణ మాటలు తడబడుతున్నాయి.

“ఏమే, నా పళ్ళు యాడ పెట్టినావు?”

“పళ్ళ మాట ఎత్తనని చెప్పినా గదా,” అని మాధవి ఫోను పెట్టేసింది.