బిస్కెట్ లేని టీ

పత్రికాఫీసులో టీ కాచే అక్కయ్య మూడో గిన్నె వడగట్టేసరికి ముందుగది రచయితలతో నిండిపోయింది. కుర్చీలు నాలుగే. మిగతావాళ్లు అమ్ముడుపోని పాత సంచికల కట్టల మీద కూర్చున్నారు. తన రచన పడ్డ కట్ట మీద తానే కూర్చోవాలి. పొరపాటున ఇంకొకరు కూర్చున్నారా, ఇక ఆ పూటంతా రభసే.

సంపాదకుడిది వెన్నలాంటి మనసు. "మీ కథ బాగాలేదు" అని ముఖాన చెప్పాలంటే ఆయనకు ముచ్చెమటలు పడతాయి. అందుకే ఏనాడో ఒక ఏర్పాటు చేశాడు. రచన తీసుకుంటే టీతో బిస్కెట్, లేకపోతే ఉత్త టీ. పొద్దున్నే పేర్లు అక్కయ్య చెవిన వేస్తాడు, మిగతాది ఆమె చూసుకుంటుంది. ఈ సంగతి తెలియనివాడు లేడు, తెలియనట్టు నటించనివాడూ లేడు. బిస్కెట్ దక్కనివాడు "నాకు షుగరండీ, తీపి పడదు" అంటాడు. ఆ లెక్కన ఊళ్లో సగంమంది రచయితలకు చక్కెర జబ్బే.

ఆ రోజు అక్కయ్యకు ఆఖరి రోజు. ఇక మెట్లు ఎక్కేది లేదని మోకాళ్లు మొండికేశాయి. చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నానని చెబితే సంపాదకుడు అలవాటు కొద్దీ "పరిశీలిస్తాం" అన్నాడు.

వెళ్లేలోగా ఆమెకు ఒక్క కోరిక తీరాలి. రిటైరైన పోస్ట్‌మ్యాన్ సాసరులో ఒక్కసారైనా బిస్కెట్ పెట్టాలి. ఏళ్ల తరబడి ఆయన వస్తున్నాడు, ఉత్త టీ తాగి పోతున్నాడు. పోతూ పోతూ వంటగది గుమ్మం దగ్గర ఆగి "టీ బాగుందమ్మా" అంటాడు. లోకంలోని ప్రతి పుస్తకం మీదా అభిప్రాయం ఉన్న ఆ గదిలో, ఆమె టీ గురించి నోరు విప్పింది ఆయనొక్కడే. ఆ మాటకే ఆమెకు కడుపు నిండిపోయేది.

పొద్దున చెవిన పడ్డ పేర్లలో ఆయన పేరు లేదు. అక్కయ్య చెయ్యి డబ్బాలోకి వెళ్లింది, బిస్కెట్‌తో బయటికొచ్చింది.

పోస్ట్‌మ్యాన్ చేతిలోని ఆ సాసరు వైపు గదిలోని తలలన్నీ తిరిగాయి. పద్యాలు రాసే లాయరు గుటక వేయడం మరిచిపోయాడు. సంపాదకుడి మొహం పాలిపోయింది. కాదనడం ఆయన వల్ల అయ్యే పనా!

"అద్భుతమండీ మీ కథ," అన్నాడు నీళ్లు నములుతూ. "వచ్చే సంచికలోనే వేస్తున్నాం."

"ఏ కథండీ?" పోస్ట్‌మ్యాన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "నేను రాయడం మానేసి చాన్నాళ్లయిందిగా. టీ కోసం వస్తున్నానంతే."

గుమ్మంలో అక్కయ్య చేత్తో నోరు మూసుకుంది.

"అయినా మాటిచ్చేశారుగా, రాసి తెస్తాన్లెండి," అన్నాడాయన.

సంపాదకుడు "పరిశీ..." అనబోయి, బిస్కెట్ వంక చూసి ఊరుకున్నాడు.

అందరూ దిగిపోయాక పోస్ట్‌మ్యాన్ తన కప్పూ సాసరూ తానే తెచ్చి సింకు పక్కన పెట్టాడు. సాసరులో సగం బిస్కెట్ ఉంది.

"ఇదేంటండీ, తినలేదా?"

"నా సగం తిన్నానమ్మా. ఆ సగం నీది. టీ బాగుంది."

ఇన్నేళ్లూ ఎవరి బిస్కెట్ వాళ్లకు చేర్చిందే గాని, ఆ డబ్బాలోది ఒక్కటీ అక్కయ్య నోట్లో వేసుకోలేదు. నిలబడే తింది. కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. కప్పులన్నీ కడిగి బోర్లించి, గుడ్డ ఆరేసి, తాళంచెవి మేకుకు తగిలించి, మోకాళ్లను తిట్టుకుంటూ ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయింది.

సింకు పక్కన ఒక్క సాసరు మాత్రం కడక్కుండా ఉండిపోయింది, అంచున రెండు బిస్కెట్ పలుకులతో.